శాలువా కంటే ముందు సొరబుర్ర

సంపాదకులకు నమస్కారం.

రేకుల ఇంటి ముందు కిన్నెర అనే తీగె వాద్యం పట్టుకుని కూర్చున్న ముసలాయన పాటను ఎవరో ఫోనులో తీస్తారు. వారం తిరిగేసరికి లక్షల మంది చూస్తారు. ఆఫీసులో శాలువా, మెమెంటో, ఫొటో. ఆయన మళ్లీ పాడగలుగుతున్నాడా అని ఆ తర్వాత అడిగే దిక్కుండదు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. అదే ఏడాది నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన, సొరబుర్రతో చేసే బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ ప్రకటించారు. పద్మశ్రీ వచ్చినా కూలి తప్పనప్పుడు, ఏ పేరూ రాని పాలమూరు, నల్లగొండ పల్లెల పాటగాళ్ల గతి వేరే చెప్పాలా?

పదీ ఇరవై ఏళ్లు పాట మానేసిన మనిషిని తిరిగి పాడించాలంటే ముందు వాద్యాన్ని బాగుచేయాలి. కిన్నెర అంటే వెదురు దండి, దాని కింద ఎండిన సొరబుర్రలు, పైన తేనె మైనంతో నిలబెట్టిన, స్వరాలు పలికించే మెట్లు, తీగెలు. అటక మీద పడేస్తే మొదట చెడేది మైనం. మన ఎండాకాలంలో రేకుల కింద అది మెత్తబడి మెట్లు పక్కకు జారుతాయి. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. ఇన్నేళ్ల తర్వాత పట్టుకున్న ముసలాయన అది తన చేతి తప్పనుకుని వాద్యాన్ని పక్కన పెట్టేస్తాడు. చాలామంది పాట అక్కడే రెండోసారి ఆగిపోతుంది. కొవ్వొత్తి మైనంతో అతికిస్తే చలికాలంలో పెళుసుబారి ఊడిపోతుంది. అసలు తేనె మైనమే కావాలి, కొంచెం గుగ్గిలం పొడి కలిపితే గట్టిగా పట్టుకుంటుంది. వెదురుకు పుచ్చు పట్టిందేమో చూడాలి. దండిని తట్టినప్పుడు సన్నటి పిండి రాలితే దాన్ని మార్చడం తప్ప దారి లేదు. బజారులో దొరికిన లావు స్టీలు తీగె బిగిస్తే దండి వంగుతుంది, వంగితే తీగె మెట్లకు తగిలి జీరపోతుంది. పాతది ఎంత సన్నమో చూసి అంతే సన్నటి తీగె వేయాలి. కొత్త మెట్లు నిలబెట్టేటప్పుడు వాయించే మనిషి పక్కనే కూర్చుని గొంతు కలపాలి. పట్నంలో చేయించి పంపిన కిన్నెర చూడముచ్చటగా ఉంటుంది, కాని ఆయన గొంతుకు సరిపోదు.

తర్వాత శ్రుతి. వయసులో నాలుగు శ్రుతిలో ఎత్తుకున్న గొంతు డెబ్బై దాటాక రెండు, రెండున్నరకు దిగుతుంది. అది లోపం కాదు. కానీ వేదిక మీద కీబోర్డు కుర్రవాళ్లు పాత రికార్డు విని అదే శ్రుతి పెడతారు. రెండో చరణానికే ఆయనకు దగ్గు, గొంతు పగులు. చూసేవాళ్లు 'పాపం, వయసైపోయింది' అంటారు. పైగా కిన్నెర స్వరాలు కీబోర్డు మెట్లకు సరిగ్గా సరిపోవాలని లేదు, రెండు మెట్ల మధ్య ఎక్కడో పలుకుతాయి. కిన్నెరను కీబోర్డుకు కలపమని ముసలాయనను వేధించే బదులు కీబోర్డు శ్రుతినే సన్నగా జరుపుకోవచ్చు, ఆ మీట దాంట్లో ఉంది. అసలు కీబోర్డు ఎందుకన్నది వేరే ప్రశ్న.

జ్ఞాపకం మాట. కథ పాడేవాళ్లకు పాట వరుసలో గుర్తుంటుంది. నడుమ ఆపి 'ఈ మాటకు అర్థమేంటి తాతా' అంటే వరుస తెగుతుంది, మళ్లీ మొదటికి పోవాల్సిందే. మొదటి రోజు అడ్డురాకుండా పాడనిచ్చి, రెండో రోజు వినిపించుకుంటూ అడగాలి. ఇంకో చిక్కు వంత. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ లాంటివాటిలో వంతవాళ్లు పంక్తి అందుకుంటేనే అసలు గాయకుడికి తర్వాతి పంక్తి నోటికొస్తుంది. వంత పాడిన తమ్ముడో బావమరిదో పోయి ఉంటాడు. అప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లను కూర్చోబెట్టండి. ఏళ్ల తరబడి విని ఉంటారు కనుక సగం కథ వాళ్ల దగ్గరే దొరుకుతుంది. వాళ్లను ఎవరూ అడగరు.

రికార్డింగుకు లక్షలు అక్కర్లేదు. నోటికి జానెడు దూరంలో ఒక మైకు, కిన్నెర సొరబుర్రకు ఎదురుగా ఇంకొకటి, రెండూ వేరువేరు ట్రాకులు. ఫోనుతోనే తీస్తే చుట్టుపక్కల రొదను తగ్గించే (నాయిస్ రిడక్షన్) సౌకర్యాన్ని ఆపేయాలి. లేకపోతే అది బుర్ర మోతను రొదగా లెక్కగట్టి కోసేస్తుంది. ఫ్యాను ఆపి, పొద్దున పూట, నేల మీద కూర్చోబెట్టి, రోజుకు రెండు గంటలకు మించకుండా తీయాలి. మైకు స్టాండు కోసం కుర్చీలో కూర్చోబెడితే కిన్నెర పట్టు తప్పుతుంది. మూడు నిమిషాల ముక్కలు పది తీసేకంటే నడుమ వచ్చే వచనంతో సహా ఒక్క కథ పూర్తిగా ఉండటం మేలు. ఒక కాపీ గాయకుడి ఇంట్లో ఉండాలి.

ఆ వీడియో మీద వచ్చే డబ్బు ఎవరిది? 'జానపదం కదా, ఎవరి సొత్తూ కాదు' అంటారు చానెళ్లవాళ్లు. బాణీ ఊరిదే కావచ్చు, పాడిన గొంతు మాత్రం ఆయనది. 1957 కాపీరైటు చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకుడికి 50 ఏళ్ల హక్కు ఇస్తోంది, 2012 సవరణ రాయల్టీని కూడా చేర్చింది. వేలిముద్ర వేయించుకునే కాగితం తెలుగులో ఉండాలి, పైకి చదివి వినిపించాలి, వంతవాళ్ల పేర్లూ అందులో ఉండాలి.

సాయానికి పథకాలు లేకపోలేదు. 60 దాటిన కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలవారీ సాయం ఉంది. నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో మనమూ ఉన్నాం, అక్కడి గురుశిష్య పథకం గురువుకు, వంతవాళ్లకు, శిష్యులకు వేరువేరుగా భృతి ఇస్తుంది. దరఖాస్తు దగ్గరే బండి ఆగుతుంది. ఆధార్‌లో అంచనాగా వేసిన వయసు తక్కువ పడితే అర్హత పోతుంది. పాత ప్రశంసాపత్రం మీద మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటుంది, ఇప్పుడాయన ఊరు 2016లో ఏర్పడిన నాగర్‌కర్నూల్‌లోనో 2019లో ఏర్పడిన నారాయణపేటలోనో ఉంటుంది. జిల్లా పౌరసంబంధాల అధికారి ఒక్క రోజు మండల కేంద్రంలో కూర్చుని వయసు సవరణ, బ్యాంకు ఖాతా, దరఖాస్తు ఒకేచోట పూర్తి చేయిస్తే సరిపోతుంది. ప్రదర్శనల డబ్బు కూడా నెలల తర్వాత చెక్కుగా కాక ఆ రోజే, వంతవాళ్ల బస్సు చార్జీలతో కలిపి చేతికివ్వాలి.

చివరగా ఉద్యాన శాఖకు ఒక మాట. కూరకు పండించే హైబ్రిడ్ సొరకాయ పొడుగ్గా, పలుచటి పెంకుతో ఉంటుంది. ఎండితే పగులుతుంది. వాద్యానికి కావాల్సింది గుండ్రటి, మందపాటి పెంకు చేదు సొర. దాన్ని తీగె మీదే ముదరనిచ్చి, తీగె ఎండాక కోసి, లోపల గింజలు గలగలమనేదాకా నీడన ఆరబెట్టాలి. తినడానికి పనికిరాదు కనుక రైతులు ఆ విత్తనం ఉంచుకోవడం లేదు. ప్రభుత్వ నర్సరీలో నాలుగు పాదులు చాలు. జూన్‌లో పెట్టినా బుర్ర చేతికొచ్చేది వచ్చే ఎండాకాలానికే.

ఇట్లు,
ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్