నైన్సా టెన్సా, ఏదో ఒకటి తేల్చుకో

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

మొత్తానికి ఎలక్ట్రిక్ గిటార్ కొనేశావన్నమాట! సెకండ్ హ్యాండ్ అయితేనేం, ఫెండర్ వాళ్ల స్ట్రాటే కదా. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. మూడో తీగ మీద తుప్పు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. ముందు ఆ తీగలన్నీ మార్చెయ్యాలి. వాటి మీద శ్రుతి నిలబడదు, తప్పు నీ చెవిదనుకుని బెంగ పెట్టుకుంటావు.

ఇక నువ్వడిగింది, కొత్త తీగలు నైన్స్ వెయ్యాలా టెన్స్ వెయ్యాలా అని. నైన్సే వెయ్, ఇంకేం ఆలోచించకు. ఆ అంకె అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 9 నుంచి 42 దాకా ఒక సెట్, 10 నుంచి 46 దాకా ఇంకో సెట్. వెయ్యో వంతు ఒక్కటే కదా తేడా అనుకోకు. తొమ్మిది తొమ్ములు 81, పది పదులు 100. బిగువు పెరిగేది ఆ లెక్కలో. అదే శ్రుతికి టెన్ దాదాపు పావు వంతు ఎక్కువ బిగుసుకుంటుంది. పైగా నీ ఫెండర్‌కి పైన తీగ ఆనే నట్ నుంచి కింద ఆనే బ్రిడ్జ్ దాకా 25.5 అంగుళాలు. గిబ్సన్ లెస్ పాల్‌కి 24.75. అందుకే అవే టెన్స్ దాని మీద మెత్తగా ఉంటాయి. టెన్స్ వేస్తేనే టోన్ వస్తుందని నీకు చెప్పిన పెద్దమనిషి దగ్గర ఏ గిటారుందో కనుక్కో.

లావు తీగలంటే ఈ జనానికి అదో మోజు. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ పదమూడులు వేసేవాడని చెబుతారు. నిజమే. E తీగ మీద E కాకుండా E-ఫ్లాట్ పలికేలా, అన్ని తీగలూ అర స్వరం దించి శ్రుతి చేసుకునేవాడన్న సంగతి మాత్రం చెప్పరు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. అందుకని సన్న తీగలు వేసుకున్నాడు, మొదట్లో బ్యాంజో తీగలతో కూడా నెట్టుకొచ్చాడు. అంత బరువైన మోత ఆ సన్న తీగల్లోంచి వచ్చిందే.

కొనేటప్పుడు కవరు మీద ‘ఎలక్ట్రిక్’ అని ఉందో లేదో చూడు. నవ్వకు, నేను దెబ్బతిన్నాను. ఒకసారి షాపులో కుర్రాడు ఏదో చేతిలో పెట్టాడు, నేనూ చూసుకోకుండా తెచ్చి వేసేశాను. సన్న తీగలు రెండూ గయ్యిమంటున్నాయి, మిగతా లావు తీగలు మూలుగుతున్నాయి. ఆంప్ పాడైందనుకుని గంటసేపు కేబుళ్లు మార్చాను. తీరా కవరు తిరగేస్తే బ్రాంజ్, కరెంటు లేని గిటారుకి వేసే అకూస్టిక్ సెట్! తీగ కదలికని పట్టే పికప్ పనిచేసేది అయస్కాంతంతో, బ్రాంజ్ దానికి పట్టదు. లోపలి ఉక్కు తీగ పుణ్యమా అని ఆ మాత్రమైనా పలికింది. నికెల్ చుట్టినవి అడుగు, చాలు. హైదరాబాద్‌లో నీకు మా సముద్రపు గాలి బాధ లేదు గానీ, వాయించాక పాత నూలు లుంగీ ముక్కతో తీగల పైనా కిందా తుడువు. ఆ గుడ్డకి అంటుకునే నలుపు చూస్తే నీకే తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం విను. ఏది వేసినా ఏడాదిపాటు మార్చకు. నేను సరదాపడి నైన్స్ నుంచి లెవెన్స్‌కీ, మళ్లీ టెన్స్‌కీ తిరిగాను. స్ప్రింగుల మీద తేలే ఆ బ్రిడ్జ్ ప్రతిసారీ లేవడమో కుంగడమో, అది వేరే గోల. అసలు నష్టం చేతికి జరిగింది. స్వరం దాకా తీగని ఎంత నెట్టాలో వేలు గుర్తుపెట్టుకుని ఉంటుంది కదా, ఆ గుర్తు కాస్తా పోయింది. ఒక వారం అందుకోలేకపోవడం, ఇంకో వారం దాటిపోవడం. మన నరసాపురం పక్కన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు వదిలేసి ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. తీగకీ వేలికీ పొత్తు కుదరకపోతే గమకం ఎక్కడ పలుకుతుంది చెప్పు?

రాత్రి ప్రాక్టీసులో బాగా వచ్చింది పొద్దున్నే మాయమైపోతోందన్నావే, అది నీ ఒక్కడి జబ్బు కాదు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే లెక్కలు కట్టి 1885లో అచ్చువేశాడు. మొదటి గంటల్లోనే బోలెడంత జారిపోతుందట. మన చిన్నప్పుడు ఎక్కాలు ఎలా చదివాం? ఏడెనిమిదులు ఎంతరా అని మాస్టారు హఠాత్తుగా అడిగితే, ఏడొకట్ల ఏడు నుంచి లోలోపల పరుగెత్తుకు రావాల్సిందే. నా పెంటటానిక్, అదే అయిదు స్వరాల స్కేలు, కూడా అచ్చం అలాగే ఉండేది. A మైనర్ అయిదో ఫ్రెట్ (మెట్టు) దగ్గర మొదలెడితే గడగడా వచ్చేది, పన్నెండో ఫ్రెట్ దగ్గర అందుకోమంటే బిక్కమొహం.

ఇప్పుడేం చేస్తున్నానంటే, గిటార్ చేతిలోకి తీసుకోగానే పాట రాసుకున్న కాగితం చూడను. నిన్నటిది ఎంత మిగిలిందో ముందు వాయించేస్తాను, తప్పులతోనే. ఎక్కడ ఆగిపోయానో పాల లెక్కల పుస్తకం వెనక పేజీలో ఒక ముక్క రాసుకుంటాను. అప్పుడు కాగితం తీసి ఆ తడబడ్డ చోటే, అదీ నెమ్మదిగా. తర్వాత వేరేదేదో వాయించి, పది నిమిషాలయ్యాక మళ్లీ చూడకుండా అదే. ఒక్కోసారి కావాలని మధ్యలోంచి మొదలెడతాను. చిరాగ్గా ఉంటుంది, రాత్రికి ఏమీ రానట్టే అనిపిస్తుంది. మూడోనాడు చూసుకుంటే ఉంటుంది. ఒకే ముక్క నలభైసార్లు వరసగా వాయించినప్పుడు ఉన్నంత హాయి ఇందులో లేదు, ఆ హాయే నన్ను రెండేళ్లు ముంచింది.

వచ్చే నెల పెళ్లికి వస్తున్నాను కదా, ఒక సెట్ నైన్స్ నేనే పట్టుకొస్తా. ఈలోగా కటింగ్ ప్లయర్ ఒకటి కొని ఉంచు, మీ ఇంట్లో గోళ్ల కత్తెర తప్ప ఇంకేం దొరకదని నాకు తెలుసు. తీగలు ఒక్కొక్కటే తీసి వేద్దాం. అన్నీ ఒక్కసారే పీకేస్తే ఆ బ్రిడ్జ్‌తో అర్ధరాత్రి దాకా కుస్తీ పట్టాలి.

నీ
మామ