ముందు తిను, తర్వాత చదువు

జమ్మలమడుగు,
శుక్రవారం రాత్రి

నాయనా,

ముందు పార్సిల్ విప్పి ఊరుమిండి డబ్బా బయటికి తీసి పెట్టు. మూత గట్టిగానే బిగించాను కానీ బస్సులో ఎట్లా పడేశారో ఏమో. జొన్నరొట్టెలు కటకటలాడేట్టు కాల్చినవి, త్వరగా పాడవ్వవు. చెనిగ్గింజల పొడిలో వెల్లుల్లి ఎక్కువేశాను. ఆ గదిలో ఉండే పిల్లోళ్లకు కూడా కొంచెం పెట్టు, కానీ మొత్తం పెట్టొద్దు.

దేవుని కృప వల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాయన మోకాలి నొప్పి మామూలే. బుడ్డశనగ మొలక బాగా వచ్చింది, ఇంకో వాన పడితే చాలు. బుజ్జి పరీక్ష ఫీజు కట్టేశాం, దాని గురించి నువ్వేమీ ఆలోచించొద్దు.

పోయిన ఆదివారం కడప అత్త వచ్చింది. ఆరాధన అయ్యి బయటికి వస్తుంటే, టమోటా ధర అడిగినట్టు, "మీవాడు ఇంకా ఆ కంపెనీలోనే ఉన్నాడా?" అంది. ఉన్నాడు అన్నాను. ఉన్నావు కదా? ఆమె కొడుకు మీ ఏరియాలోనే ఉంటాడట. పగలు పదకొండుకు నిన్ను టీ బంకు దగ్గర చూశాడట, పలకరించినా ముక్తసరిగా మాట్లాడి వెళ్లిపోయావట. చర్చిలో కూడా కనబడి చాలా రోజులైందన్నాడట. నేను నమ్మలేదు. అది అలా ఉంచు.

ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా, మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేస్తావు. రాత్రి తొమ్మిదికి కూడా మీటింగేనా? అందుకే కాగితం తీసుకున్నాను. బెంగళూరులో చలి మొదలై ఉంటుంది, చెవులకు గుడ్డ కట్టుకో.

మీ అవ్వ సంగతి నీకు పూర్తిగా తెలీదు. 2020లో గండికోట రిజర్వాయర్ నీళ్లు పెరిగి తాళ్లప్రొద్దుటూరు పక్క ఊర్లు ఖాళీ చేయించినప్పుడు నువ్వు నీ చదువు గొడవలో ఉన్నావు. ఒకపక్క కరోనా, ఒకపక్క నీళ్లు. మా నాయన రాళ్లు మోసి కట్టిన చిన్న చర్చి కూడా పోయింది. అవ్వను పునరావాస కాలనీకి తీసుకొచ్చాం. అక్కడ గోడలు లేచినాయి, పైకప్పు లేదు, టార్పాలిన్ పట్టే దిక్కు. ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ప్రార్థన లేదు, పాట లేదు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పుస్తకం లేకుండా పాడే మనిషి నోరు విప్పలేదు. "దేవుడికే ఇల్లు లేకుండా పోయింది, ఇంక నన్నేం చూస్తాడు" అన్నది ఒక్కసారి, అంతే.

సంఘ పెద్దలు మాస్కులు కట్టుకుని వచ్చి వాక్యం చెప్పారు. అన్నీ పోగొట్టుకున్న యోబు గురించి చాలాసేపు చెప్పారు. అవ్వ తిరగలేదు. వాళ్లు పోయినాక నేనూ నాలుగు మాటలు చెప్పాను, నామీద కసురుకుంది. అప్పుడు మన పాత ఇంటి పక్కన ఉండే ఖాసింబీ వచ్చింది. ఆమె ఇల్లూ పోయింది, ఆమె వాళ్ల మసీదూ పోయింది. ఏమీ మాట్లాడలేదు. వేడి జొన్నరొట్టె, గోంగూర పప్పు పక్కన పెట్టి, అవ్వను భుజం పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. అవ్వ తినింది. తిని, పప్పులో ఉప్పు ఎక్కువైందన్నది. ఖాసింబీ నవ్వింది, "రేపు తక్కువేస్తాలే" అంది. మరుసటి రోజూ తెచ్చింది. ఆ వారం మన చర్చి ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి వాళ్లు, వండేటప్పుడల్లా పక్కన తీసిపెట్టే పిడికెడు బియ్యం డబ్బాలో కూడినదంతా అవ్వకే తెచ్చిచ్చారు. జీవితమంతా ఆ డబ్బాలో వేసిన మనిషి దాంట్లోంచి తీసుకోవాలంటే ఎంత సిగ్గుపడిందో! తీసుకుంది, మొదటి అన్నం వండేటప్పుడు దాంట్లోంచే మళ్లీ ఒక పిడికెడు పక్కన పెట్టింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

బైబిల్లో రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీసి చదువు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి నిప్పు దింపిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి బదరీ చెట్టు కింద చచ్చిపోతానన్నాడు. దూత వచ్చి మొదట ప్రసంగం చేసిందా? తట్టి లేపి, రొట్టె, నీళ్లు పెట్టింది. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టింది. ఇక్కడెందుకున్నావని దేవుడు అడిగింది ఆ తర్వాత, హోరేబు కొండకు పోయినాకే. ఇంకోటి చూడు, పనివాణ్ణి బెయేర్షెబాలో వదిలేసి ఒంటరిగా పోయినాడు ఏలీయా. నువ్వూ మన వాళ్లను తప్పించుకుని తిరుగుతున్నావని నేననడం లేదు. కడప అత్త అంటోంది.

ఉద్యోగాలు పోతాయి నాయనా, ఎవరికైనా పోతాయి. పోతే దేవుడు నిన్ను వదిలేసినట్టు కాదు, నీకు విశ్వాసం తక్కువైనట్టూ కాదు. యూట్యూబ్‌లో కానుక పంపితే నెలలో ఉద్యోగం అని చెప్పేవాళ్లకు ఒక్క రూపాయి పంపొద్దు. చర్చికిచ్చే దశమభాగం నీ దగ్గర లేకపోతే లేదు. అపొస్తలుడైన పౌలే గుడారాలు కుట్టాడు, నువ్వు కొన్నాళ్లు ఏ పని చేసినా నామోషీ లేదు. అప్పు మాత్రం చేయొద్దు, ఫోన్‌లో ఇచ్చే ఆ లోన్‌ల జోలికి అసలు పోవద్దు. రాత్రి రెండు దాకా మేలుకోవద్దు. ప్రార్థన చేయబుద్ధి కాకపోతే 121వ కీర్తన చదివి పడుకో, ఎనిమిది వచనాలే. అది కూడా కాకపోతే ఊరికే పడుకో, ఇక్కడ నేను చేస్తున్నాను. కానీ ఆదివారం చర్చికి పో. వెనక బెంచీలో కూర్చున్నా సరే.

మళ్లీ ఉపదేశం మొదలుపెట్టాను. నువ్వు చిన్నప్పుడు సండే స్కూల్లో కూడా ఇట్లాగే పక్కకు చూసేవాడివి.

మీ నాయనకు నేనేమీ చెప్పలేదు. మొన్న మేడ మీద గదిలో ఫ్యాన్ బాగు చేయించాడు. ఎందుకని అడిగితే, గాలి రావట్లేదు కదా అన్నాడు. ఆ గదిలో ఎవరూ పడుకోరు. బైబిల్ జిప్ కవర్ లోపల బస్సు చార్జీ పెట్టాను, వేరే దేనికీ ఖర్చు పెట్టొద్దు.

ఇట్లు,
నీ అమ్మ

తా.క. ఆ కింది పన్ను నొప్పి తగ్గిందా? లవంగం పెట్టుకుంటున్నావా, ఊరికే మాత్రలు మింగుతున్నావా?