చందుర్తి సిపాయిల చొక్కా రంగు

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, ఇంగ్లిష్ వాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ మధ్య జరిగిన చందుర్తి యుద్ధం మీద వ్యాసం చదివాను. రాసిన తీరు బాగుంది. పక్కన వేసిన బొమ్మే పంటి కింద రాయిలా తగిలింది. అందులో ఇంగ్లిష్ దొరలకు ఎర్ర కోట్లు, వాళ్ల కొలువులో పక్కనున్న మన దేశపు సిపాయిలకు తెల్ల బట్టలు వేశారు. తప్పు ముందు పట్టింది మా మనవరాలు. "తాతా, నీ సిపాయిలు ఎర్రగా ఉంటారు కదా, పేపర్లో తెల్లగా ఉన్నారేంటి?" అంది.

పోస్టాఫీసులో రిటైరయ్యాక నాకు పట్టుకున్న పిచ్చి ఇది. 54 మిల్లీమీటర్ల సిపాయి బొమ్మలు తెప్పించుకుని, భూతద్దం కింద పెట్టి రంగులేస్తుంటాను. మా ఆవిడ దీన్ని రెండో డ్యూటీ అంటుంది. పర్లాకిమిడిలో కొమ్ములు చెక్కే పనివాళ్లకు కొదవ లేదు గనక, విరిగిన బల్లేలు వాళ్ల చేతే చెక్కించుకుంటాను.

1758లో ఇంగ్లిష్ సేనాపతి కల్నల్ ఫోర్డ్ వెంట వచ్చింది బెంగాల్ సిపాయిలు. అంతకు ముందు ఏడాదే క్లైవ్ అక్కడి సిపాయిలకు ఎర్ర కోట్లు తొడిగించాడు. లాల్ పల్టన్, అంటే ఎర్ర పటాలం, అన్న పేరు అలా వచ్చిందే. మద్రాసు వైపు సిపాయిలవి అప్పటికింకా సొంత తెల్ల బట్టలే. ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్ మనుషుల కళ్లకు అలవాటైంది ఆ తెలుపే. ఆ రోజు ఏపుగా పెరిగిన చేను దొరల పటాలాన్ని కమ్మేసింది. ఎదురుగా ఎర్ర కోట్లు కనబడగానే ఇంగ్లిష్ వాళ్లు వీళ్లేననుకుని ఫ్రెంచివాళ్లు సిపాయిల మీద పడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గారు గానీ, చేను చాటు నుంచి దొరల పటాలం పక్కవాటున కాల్పులు మొదలెట్టేసరికి ఫ్రెంచివాళ్ల పని అయిపోయింది. మీ బొమ్మలోలాగా సిపాయిలు తెల్ల బట్టల్లో ఉంటే వాళ్లు పొరబడేవాళ్లే కాదు కదండీ!

ఆ ఎరుపు కుదరడానికి నేను నానా తంటాలు పడ్డాను. తెల్ల ప్రైమర్ మీద నేరుగా వేస్తే ప్లాస్టిక్ బకెట్‌లా మెరిసింది. మడతలు తేలడానికి కాస్త తెలుపు కలిపితే గులాబీ రంగొచ్చి, సిపాయి కాస్తా పెళ్లికొడుకయ్యాడు. చివరికి అడుగున ముదురు గోధుమ రంగు, దాని మీద ఎరుపు, మడతల అంచున మాత్రం సన్న కుంచెతో నారింజ రంగు తాకిస్తే కోటు కోటులా కనబడింది. చేనుకి పాత కొబ్బరి పీచు బ్రష్షు కత్తిరించి నాటాను. సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు ఈ పటాలానిదే. పాత సీసం బొమ్మలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వను, అవి అద్దాల అలమరా దాటవు.

మీ ఆర్టిస్టు గారి గీతను తప్పు పట్టడం లేదు. గుర్రాలు నిజంగా బాగా వేశారు. పాతపట్నం దాకా ఎప్పుడైనా వస్తే మా ఊరు పక్కనే, ఓసారి మా ఇంటికి రమ్మనండి. ఎర్ర కోటు సిపాయిలు పద్నాలుగు మంది సిద్ధంగా ఉన్నారు. పదిహేనోవాడి తలపాగా ఇంకా ఆరలేదు.

– ఒక రిటైర్డ్ పోస్టల్ గుమస్తా,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా