డకోటా ఫొటోల కింద పేరు రాసేముందు తలుపు చూడండి

సంపాదకులకు,

ప్రయాణికుల డీసీ-3 విమానానికే పచ్చరంగు వేసి రెండో ప్రపంచ యుద్ధానికి పంపారని, అదే డకోటా అని పత్రికల్లో తరచూ రాస్తుంటారు. అది సరికాదు. 1935 డిసెంబరులో తొలిసారి ఎగిరిన డీసీ-3కి, 1941 డిసెంబరులో ఎగిరిన సైనిక రవాణా విమానం సీ-47కి (డకోటా అనేది దీనికి బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు) పైరూపు దాదాపు ఒకటే. అసలు మార్పంతా తలుపులోనూ లోపలి నేలలోనూ ఉంది.

సీ-47కి ఎడమవైపు, రెక్క వెనకాల, దాదాపు ఏడడుగుల వెడల్పున్న జంట తలుపు పెట్టారు. జీపును లోపలికి ఎక్కించగలిగింది దాని వల్లే. నేలను బలపరిచి, సరుకును కట్టేయడానికి రింగులు బిగించారు. మెత్తటి సీట్ల చోట గోడల వెంట మడత బెంచీలు వచ్చాయి. 28 మంది సైనికులు గానీ 6,000 పౌండ్ల (సుమారు 2,700 కిలోల) సరుకు గానీ పట్టేది. ఈ తలుపూ, ఈ నేలా లేకుండా సైనికుల కోసమే చేసిన సీ-53 రకం కొన్ని వందలతోనే ఆగిపోయింది. సీ-47 మాత్రం వేలల్లో తయారైంది.

అయినా లోడింగ్ తేలికైన పనేం కాదు. తోక కింద చిన్న చక్రంపై ఆనే విమానం కాబట్టి నిలబడినప్పుడు లోపలి నేల వెనక్కి వాలి ఉంటుంది. వెనక తలుపులోంచి ఎక్కించిన బరువునంతా ఎగువకు నెట్టాలి. ఓపిక లేక బరువైన పెట్టెలను తలుపు దగ్గరే వదిలేస్తే బరువు తోకవైపు పడుతుంది. టేకాఫ్‌లో కట్లు తెగి సరుకు వెనక్కి జారిందా, ముక్కు పైకి లేచి, వేగం పడిపోయి, విమానం కూలిపోతుంది. అందుకే బరువైనవి ముందు, రెక్కల మీదుగా ఉండేట్టు సర్దాలి.

ఎత్తు మరో కష్టం. 1948 మే 24న భారత వాయుసేన అధికారి మెహర్ సింగ్, సైన్యాధికారి జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకుని లద్దాఖ్‌లోని లేహ్‌లో డకోటాను దించారు. ఆ ఎయిర్‌స్ట్రిప్ పదివేల అడుగుల పైన ఉంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు. దారిలో రెండు ఇంజిన్లలో ఒకటి ఆగితే ఆ కొండల పైన ఎత్తు నిలుపుకునే శక్తి ఆ విమానానికి లేదు. ఆ సాహసం విలువ ఈ వివరాలు తెలిస్తేనే అర్థమవుతుంది.

యుద్ధం ముగిశాక కథ తిరగబడింది. మిగులు సీ-47లకే సీట్లు బిగించి మన విమాన సంస్థలు ప్రయాణికులను తిప్పాయి. బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలనే నడిపింది. కాబట్టి పాత ఫొటో కింద డీసీ-3 అని రాసేముందు ఎడమవైపు వెనక భాగం చూడమని మనవి. వెడల్పాటి జంట తలుపు, లేదా దాన్ని తర్వాత మూసేసిన గీతలు కనిపిస్తే అది యుద్ధం కోసం పుట్టిన విమానమే.

— ఒక పాఠకుడు, హైదరాబాద్