కీమో వార్డుకి డైటీషియన్, ఫిజియోథెరపిస్టు కావాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నాకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత కీమో మొదలుపెట్టేముందు నర్సు నా ఎత్తు, బరువు చూశారు. ఆ లెక్కతో మందు డోసు మిల్లీగ్రాముల దాకా కట్టారు. మరి ఏం తినాలి, ఎంత నడవాలి అని అడిగితే, "బాగా తినండి, రెస్టు తీసుకోండి" అన్నారు. అంతే.

ఆ మాట అక్షరాలా పాటించాను. వికారం తగ్గిన పూట నోటికి ఏది సహిస్తే అది తిన్నాను, మిగతా వేళంతా మంచం మీదే. మూడో విడత కీమో నాటికి బరువు పెరిగింది. కానీ కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వచ్చేది. ఇంట్లోవాళ్లు మాత్రం ఒళ్లు చేశానని, కోలుకుంటున్నానని సంతోషించారు. ఈ కీమోలో చాలామందికి ఇలాగే జరుగుతుందని నాకు తర్వాత తెలిసింది. వాంతులు రాకుండా ఇచ్చే స్టిరాయిడ్లు, ముందే ఆగిపోయే నెలసరి, తగ్గిపోయిన కదలిక, అన్నీ కలిసి కండ కరిగి కొవ్వు పేరుకుంటుంది. బరువు చూసే మిషన్ ఆ తేడా చెప్పదు.

క్యాన్సర్ రోగికి కిలో బరువుకి రోజుకి 1 గ్రాము పైన, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రోటీన్ అందాలని యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. నోట్లో పుండ్లు, ఏది తిన్నా ఇనుప రుచి. ఆ స్థితిలో అంత ప్రోటీన్ ఎలా తినాలో పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి.

నీరసంతో పడుకున్నవాళ్లని నడవమనడం క్రూరత్వంలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఆ నీరసాన్ని తగ్గించేదే వ్యాయామం. వారానికి 3 రోజులు, 30 నిమిషాల చొప్పున ఒక మోస్తరు వేగంతో నడిచినా ఫలితం ఉంటుంది. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2022లో, నయం చేసే ఉద్దేశంతో ఇచ్చే చికిత్స సాగుతుండగానే నడక లాంటి వ్యాయామమూ, కండరాలకి బలమిచ్చే వ్యాయామమూ చేయించమంది. ఆపరేషన్ అయిన వైపు చేత్తో ఏదీ ఎత్తొద్దని, ఎత్తితే చేయి వాస్తుందని నన్ను భయపెట్టారు. కొద్దికొద్దిగా బరువు పెంచుతూ, సరైన పర్యవేక్షణలో చేస్తే చేతివాపు పెరగదని 2009లోనే పరిశోధనలో తేలింది.

అందరికీ ఒకే కరపత్రం పంచితే సరిపోదు, సార్. కీమో వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు నడుస్తూ పడిపోవచ్చు. కొన్ని కీమో మందులు గుండెని దెబ్బతీయవచ్చు. 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం వస్తే నడక మాట అటుంచి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎవరికి ఎంత, ఎప్పుడు ఆపాలి అన్నది మనిషిని చూసి చెప్పాలి.

అందుకే ప్రతి ప్రభుత్వ కీమో వార్డులో ఒక డైటీషియన్‌నీ, ఒక ఫిజియోథెరపిస్టునీ నియమించండి. మొదటి డోసుకి ముందే రోగి వాళ్లిద్దరినీ కలిసేలా చూడండి. కీమో కార్డులో బరువు రాసే గడి పక్కన ఇంకొక్క గడి పెట్టించండి: 30 సెకన్లలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచింది. ఆ అంకె పడిపోతుంటే, నాకు ఆలస్యంగా తెలిసింది వార్డులో మొదటి నెలలోనే తెలుస్తుంది.

నమస్కారాలతో,
కీమో పూర్తి చేసుకున్న ఒక మహిళ