అత్తయ్యని చాప మీద పడుకోనివ్వకు

బావా,

మీ పెరట్లో పాము కనపడిందట అంటూ నిన్న రాత్రి నువ్వు చేసిన ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోన్లో నువ్వూ కంగారు, నేనూ కంగారు, సగం మాటలు గాలికి పోయాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. రెండుసార్లు చదువుకుని, అత్తయ్యకీ మావయ్యకీ కూడా ఫోన్లో చదివి వినిపించు.

ముందు ఇది చెప్పేస్తే నీ మనసు కుదుటపడుతుంది. పాము దొరికింది. తెల్లారగానే, పాములు పట్టే కుర్రాణ్ణి అమలాపురం వైపు నుంచి రప్పించి మీ ఇంటికి తీసుకెళ్ళాను. మావయ్య అప్పటికే దుడ్డుకర్ర పట్టుకుని నూతి దగ్గర నిలబడి ఉన్నారు. ఆ కర్ర ఆయన చేతిలోంచి తీసుకోవడానికే పది నిమిషాలు పట్టింది. కొట్టబోతే అది తిరగబడుతుందని ఎంత చెప్పినా వినరే. ఆయన భయం ఆయనది, తప్పు పట్టలేం.

నూతి వెనక కొబ్బరి డొక్కల గుట్ట ఉందా, కిందటి దింపు నాటిది. ఆ కుర్రాడు పొడుగాటి ఇనప కొక్కెంతో ఒక్కో డొక్కా లాగుతుంటే మేం దూరంగా నిలబడ్డాం. ముందు కంటికి ఏమీ కనపడలేదు, చెవికి వినపడింది. కుక్కరు విజిలు వేసేముందు ఆవిరి తన్నుకొస్తుందే, అచ్చం అలాంటి బుస, ఆగకుండా. తర్వాత చూస్తే డొక్కల రంగులో కలిసిపోయి చుట్ట చుట్టుకుని ఉంది. పొడపాము. టీవీల్లో రక్తపింజరి అంటారు చూడు, అదే. మణికట్టంత లావు, మూడు మూలల తల, ఒంటి మీద గొలుసులా మూడు వరసల గోధుమరంగు మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు. 1796లో పాట్రిక్ రస్సెల్ అనే దొర మన కోస్తా పాముల మీద పుస్తకం వేసినప్పుడు దీనికి మనవాళ్ళు పిలిచే పేరే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. తర్వాత ఇంగ్లీషువాళ్ళు దానికి ఆయన పేరే పెట్టేశారు కానీ, దగ్గర నుంచి చూసిన నాకు మన పేరే సరైనదనిపించింది. ప్రతి మచ్చా కాటుక దిద్దినట్టే ఉంది.

గొట్టానికి సంచి కట్టి, పాముని ఆ గొట్టం చీకట్లోంచి సంచిలోకి పంపించి మూతి బిగించాడు. చంపాల్సిన పనే పడలేదు. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్కసారికి 20, 30 కూడా. ఈ నెలల్లోనే కంటుంది కాబట్టి గుట్ట మొత్తం తీయించి చూశాం. పిల్లలు లేవు. ఎలుక గూళ్ళు మాత్రం మూడు బయటపడ్డాయి. నీ పెరట్లోకి పాము ఎందుకొచ్చిందో ఆ మూడు గూళ్ళే చెబుతాయి.

ఈ నెల మొదట్లో కాలువలు వదిలారు. నారుమళ్ళకి నీళ్ళు పెట్టారు. చేలల్లో బొరియలన్నీ మునిగిపోతే ఎలుకలు గట్లెక్కుతాయి, గట్ల మీంచి ఇళ్ళలోకొస్తాయి, వాటి వెనకే ఇవీ. లంకల్లో వాళ్ళకైతే వరద రోజుల్లో చూరులో కూడా కనపడతాయి. మన నేలే అలాంటిది, నీళ్ళూ వరీ ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట పాము ఉంటుంది. అందుకని పెరడంతా సిమెంటు చేయించేస్తాను, చెట్లన్నీ కొట్టించేస్తాను అన్నావు చూడు, ఆ డబ్బు దండగ. ఆ సిమెంటు పక్కనే ధాన్యం బస్తాలూ, తవుడూ, కోళ్ళగూడూ ఉంటే ఎలుకలు ఎక్కడికీ పోవు.

అయితే బావా, నిన్న నాకు నిద్ర పట్టనిది ఈ పొడపాము వల్ల కాదు. కరెంటు పోతే అత్తయ్య వసారాలో చాపేసుకుని పడుకుంటున్నారని మాటల్లో అన్నావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మా చిన్న పిన్ని సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ళ కిందట, ఇలాగే వానాకాలం, కరెంటు లేక వసారాలో చాప మీద పడుకుంది. తెల్లవారుజామున నాలుగింటికి కడుపునొప్పి అని లేచింది. రాత్రి తిన్న పప్పు పడలేదేమో అనుకున్నాం. పక్క ఊళ్ళో ఒకాయన దగ్గరికి తీసుకెళితే గ్యాసని సూది వేసి పంపించేశాడు. గంటన్నర అక్కడే పోయింది. ఇంటికొచ్చాక, గుమ్మంలో నేనొక్కణ్ణే నిలబడి ఉంటే, "ఇద్దరొచ్చారేంటిరా" అంది. మాట ముద్దగా వస్తోంది. గడ్డం పైకెత్తి, రెప్పల కిందనుంచి చూస్తోంది. "కళ్ళు తెరువు పిన్నీ" అన్నాను. నుదుటి మీద ముడతలు పడుతున్నాయి, కనుబొమలు లేస్తున్నాయి, రెప్పలు మాత్రం లేవట్లేదు. ఆ నుదురు నాకింకా కళ్ళముందే ఉంది.

108లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ పిన్ని కళ్ళు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి ఎక్కడ పడుకుంది? నేల మీదా?" ఔనన్నాం. కట్లపాము అంది. ఒంట్లో ఎక్కడా గాటు లేదు, వాపు లేదు, ఎవరూ పాముని చూడలేదు. కట్లపాము అంతే. నల్లగా నిగనిగలాడుతూ సన్నటి తెల్లగీతలతో ఉంటుంది, పగలు ఎక్కడో ముడుచుకుని, రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుంది. వాళ్ళు నిద్రలో కదిలితే కరుస్తుంది. చాలాసార్లు చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. నరం నుంచి కండకి వెళ్ళే కబురుని ఆ విషం ఆపేస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, ఆఖరికి ఊపిరి తీసే కండలు ఆగిపోతాయి.

విరుగుడు ఎక్కించారు, గొంతులో గొట్టం వేశారు, అక్కణ్ణించి కాకినాడ పంపించారు. మూడు రోజులు వెంటిలేటరు మీద ఉంది. ఆరో రోజుకి లేచి కూర్చుంది. తర్వాత పిన్ని చెప్పిన మాట విను: "మీరంతా నా చుట్టూ చేరి ఏడవడం నాకు వినపడుతూనే ఉందిరా. బతికే ఉన్నానని చెబుదామంటే వేలు కూడా కదల్లేదు." తెలివి పోదు బావా, ఒళ్ళే పోతుంది. ఇంకో గంట ఆలస్యం చేసి ఉంటే ఈ ఉత్తరంలో వేరే కథ రాయాల్సి వచ్చేది.

అందుకే అడుగుతున్నా. అత్తయ్యని చాప మీద పడుకోనివ్వకు. మంచం మీద, దోమతెర వేసుకుని, ఆ తెర అంచులు పరుపు కిందకి నాలుగు వైపులా దోపుకుని పడుకోమను. ఉక్కగా ఉంటుందంటారు, నాకు తెలుసు. నువ్వు చెబితే వింటారు. నేను చెబితే "మీ నాన్నమ్మ నేల మీదే పడుకునేదిరా" అన్నారు.

ఒకవేళ, ఎప్పుడైనా, ఎవరికైనా కాటు పడితే ఏం చేయాలో వాళ్ళిద్దరికీ నోటికి వచ్చేలా చెప్పు. తాడుతో కట్టకూడదు, బ్లేడుతో కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, ఐసు పెట్టకూడదు. మనం చూసిన సినిమాలన్నీ మర్చిపోమను. గాజులు, ఉంగరాలు, పట్టీలు ముందే తీసెయ్యాలి, వాస్తే తర్వాత రావు. చెయ్యో కాలో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు ఒక బద్దకి వదులుగా కట్టి కదపకుండా ఉంచాలి. నడిపించకూడదు. 108కి చెయ్యాలి. అది వచ్చేలోపు ఆలస్యమవుతుందనుకుంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోవాలి. పాముని చంపి పట్టుకెళ్ళనక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే, తాచుకీ, కట్లపాముకీ, పొడపాముకీ, చిన్న పింజరికీ అన్నిటికీ అదే. గుర్రాలకి కొంచెం కొంచెం విషం ఎక్కించి, వాటి నెత్తురు నుంచి తీస్తారట. చెన్నై దగ్గర 1978లో పెట్టిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాముల్ని పట్టి, ఆ విషాన్ని తీసి, పాముల్ని మళ్ళీ అడవిలో వదిలేస్తోంది. ఎంతమంది చేతులు పడితే ఆ సీసా మన ఊరికి చేరుతోందో చూడు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బులక్కర్లేదు. పొడపాము అని అనుమానమైతే కొంచెం నెత్తురు గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు, గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. అంత సులువైన పరీక్ష.

అత్తయ్య ఇంకో మాట అన్నారు. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తున్నాం, మనకేమీ కాదు అని. పుట్ట దగ్గర చలిమిడీ చిమ్మిలీ పెట్టి దణ్ణం పెట్టుకోవడం నేనూ మానలేదు. ఆ నమ్మకాన్ని నేనేమీ అనను. కానీ మంత్రం వేసే ఆయన దగ్గరికి మాత్రం ముందు వెళ్ళొద్దని నీ నోటితో చెప్పు. ఊళ్ళో కరిచేవాటిలో చాలావరకు నీరుకట్టెలూ జెర్రిపోతులూ, విషం లేనివి. తాచు కరిచినా ఒక్కోసారి విషం వదలదు. అలాంటివాళ్ళంతా మంత్రంతో బతికినట్టే కనపడతారు. వేయించుకోవాలనిపిస్తే ఆసుపత్రి నుంచి వచ్చాక వేయించుకోవచ్చు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని లెక్క తేల్చారు. ఏడాదికి 58 వేల మంది. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే, ఎక్కువగా పల్లెటూళ్ళలోనే. ఆ లెక్కలో మన రాష్ట్రం కూడా పైవరసలోనే ఉంది.

ఇక మీ పెరడు. డొక్కలన్నీ పీచు ఫ్యాక్టరీ వాళ్ళకి అమ్మేశాను, ఎల్లుండి బండి వస్తుంది. కట్టెలు గోడకి ఆనించి ఉన్నాయి, వాటిని మూరెడు ఎత్తులో బల్ల వేయించి, గోడకి దూరంగా పేర్పిస్తాను. కోళ్ళగూడు వంటింటి గోడ పక్కనుంచి పెరటి చివరికి మార్చాలి. నూకలు కింద పడి ఉంటే రాత్రి ఎలుకలకి విందే. తవుడు డబ్బాలకి మూతలు పెట్టించాలి. స్నానాలగది తూముకి జాలీ లేదు, వెనక తలుపు కింద నా బొటనవేలు దూరేంత సందుంది, రెండూ మేస్త్రికి చెప్పాను. చూరు మీదకి వాలిన జామకొమ్మ ఒక్కటే కొట్టిస్తాను, మిగతా చెట్ల జోలికి పోను. ఫినాయిలూ, గంధకం, వెల్లుల్లీ చల్లమని మీ ఆఫీసులో ఎవరో చెప్పారన్నావు, వాటితో పాములు ఆగవు. జెర్రిపోతు కనపడితే మాత్రం తరమొద్దని మావయ్యకి చెప్పు. పసుపు గోధుమరంగులో పొడుగ్గా, జర్రున పారిపోతుందే, అది. నెలకి ఎన్ని ఎలుకల్ని తింటుందో, దాని పని అది చేసుకుపోతుంది.

మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో బల్బు పెట్టించాను. గుమ్మానికి పైన కాదు, కొంచెం దూరంగా, ఎందుకంటే దీపానికి పురుగులు, పురుగులకి కప్పలు, కప్పలకి పాములు. రాత్రి చెప్పులు లేకుండా దిగొద్దనీ, చెప్పులు దులిపి వేసుకోమనీ మావయ్యకి పదిసార్లు చెప్పాను. సరే సరే అన్నారు. ఆ సరే మీద నాకు నమ్మకం లేదు, నువ్వు మళ్ళీ చెప్పు.

మంచం వడ్రంగి శనివారానికి ఇస్తానన్నాడు, ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. దానికి సరిపడే దోమతెర అక్కడ కొని తీసుకురా, ఇక్కడివి అంచులు పొట్టిగా ఉండి పరుపు కిందకి అందట్లేదు. ఛార్జింగు టార్చిలైటు కూడా ఒకటి, తేలికపాటిది చూసి తే. అత్తయ్య కుడిచేతి వేళ్ళు ఈమధ్య సరిగా ముడుచుకోవట్లేదు, స్విచ్చి పెద్దదిగా, మెత్తగా నొక్కితే వెలిగేలా ఉండాలి.

నీ
బావ