ఒక్క బడికి ఇన్ని గ్రాంట్లు వచ్చినా ప్యానెల్ వెలగదేం?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో సర్కారు బళ్లలో డిజిటల్ తరగతుల మీద వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఎన్ని ప్యానెళ్లు (పాఠాలు చూపే పెద్ద తెరలు) బిగించారో, ఎవరు ప్రారంభించారో రాశారు. వాటిలో ఈరోజు ఎన్ని వెలుగుతున్నాయో కూడా రాసి ఉండాల్సింది.

మా వైపు ఒక హైస్కూలు సంగతి చెబుతాను. ఒక పథకం కింద వచ్చిన ప్యానెల్ గోడకుంది. ఇంకో పథకం కంప్యూటర్లు పక్క గదిలో ఉన్నాయి. దాత ఇచ్చిన ప్రొజెక్టర్ బీరువాలో ఉంది. ఇన్వర్టర్ మాత్రం ఎవరి జాబితాలోనూ లేదు. కరెంటు పోతే పాఠం అక్కడికే ఆగిపోతుంది. బిల్లు కట్టేవాళ్లు లేక నెట్ కనెక్షన్ పోయింది. అడిగితే ఒక ఆఫీసువాళ్లు అది మా స్కీములోది కాదంటారు, ఇంకో ఆఫీసువాళ్లు స్కూల్ గ్రాంటులో సర్దుకోమంటారు. పిల్లల సంఖ్యను బట్టి ఏడాదికి గరిష్ఠంగా లక్ష రూపాయలు దాటని ఆ గ్రాంటులోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు అన్నీ చూసుకోవాలి. అందులో పదో వంతు శుభ్రతకు పోవాలి. హెడ్మాస్టరు ఎక్కడని సర్దుతారు?

డబ్బే లేదంటే ఓర్చుకోవచ్చు. సర్కారు బళ్లకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ఐసీటీ (కంప్యూటర్) ల్యాబుకు బడికి 6.40 లక్షల దాకా, దాన్ని నడపడానికి అయిదేళ్లపాటు ఏటా 2.40 లక్షల దాకా ఇవ్వొచ్చని ఉంది. పిల్లలు సొంతంగా పరికరాలు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబుకు ఇచ్చే 20 లక్షల్లో సగం నడిపే ఖర్చుకే. కేంద్రం పీఎం శ్రీ పథకం కింద ఎంపిక చేసిన బడులకు వేరే నిధులున్నాయి. ఎంపీ నిధులు ఏటా 5 కోట్లు. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, అందులో చదువుకూ చోటుంది. పక్కనున్న తిరుపతి జిల్లా శ్రీసిటీలో అన్ని ఫ్యాక్టరీలుండగా ఆ తలుపు గట్టిగా తట్టేదెవరు?

ఈ నిధులన్నిటినీ ఒక బడి అవసరం చుట్టూ చేర్చడాన్నే అధికారులు కన్వర్జెన్స్ అంటారు. మీటింగుల్లో ఆ మాట వినని అయ్యవారు లేరు. అలాగని లెక్కలన్నీ కలిపేయమని నేననడం లేదు. ఏ గ్రాంటు లెక్క దానిదే, ఏ యూసీ (డబ్బు ఖర్చయినట్టు ఇచ్చే ధ్రువపత్రం) దానిదే. ఒకే వస్తువుకు రెండు చోట్ల బిల్లు పెడితే ఆడిట్‌లో పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. నేననేది ప్లాను ఒకటి కావాలని. ప్యానెల్ ఒక పద్దులో వస్తే వైరింగు, ఇన్వర్టరు కంపెనీ సాయంతో, అయ్యవార్ల శిక్షణ సమగ్ర శిక్షలో, నెట్టు ఏ పద్దులోనో సరుకు దిగకముందే రాసి పెట్టాలి. అయిదేళ్ల తర్వాత రిపేరు ఎవరిదో కూడా అందులోనే తేలాలి. దాతలు కొనివ్వడానికి ముందుకొస్తారు, బ్యాటరీ మార్చడానికి ఎవరూ రారు.

మండలానికి ఇద్దరేసి ఎంఈఓలు ఉన్నారు, డీఈఓ ఆఫీసుంది, సమగ్ర శిక్షకు విడిగా ఒక ఆఫీసుంది. ఇంతమంది ఉండి ఒక్క బడి కాగితాలన్నీ ఒక బల్ల మీద పరిచి చూసేవాళ్లు లేకపోవడం నాకు బాధగా ఉంది, కోపంగానూ ఉంది. అయ్యవార్లు యాప్‌లలో ఫొటోలు ఎక్కించడంలోనే సగం పొద్దు గడుపుతున్నారు. ఆ ఫొటోల్లో ప్యానెల్ ఉంటుంది, అది పనిచేస్తోందో లేదో ఉండదు. ఒకప్పుడు తనిఖీకి వచ్చిన అధికారి స్టాకు రిజిస్టరు ముందేసుకుని ఒక్కో వస్తువూ తెప్పించి చూసేవాడు. ఇప్పుడు జిల్లా కేంద్రం నుంచి వీడియో కాన్ఫరెన్సులో అడుగుతారు, ఇక్కడి నుంచి ఉందని చెబుతారు, అంతటితో తనిఖీ అయిపోతుంది.

జిల్లా కలెక్టరు గారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. జూన్‌లో బళ్లు తెరిచేలోగా ప్రతి హైస్కూల్లో ఏ వస్తువు ఏ నిధితో వచ్చింది, దాని రిపేరు ఎవరు చూడాలి, ఈ ఏడాది నెట్ బిల్లు ఏ పద్దులోంచి కడతారు అన్నది ఒక్క కాగితం మీద రాయించి పేరెంట్స్ కమిటీ ముందు పెట్టించండి. నోటీసు బోర్డుకూ అంటించమనండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పలమనేరు, చిత్తూరు జిల్లా